తేజ్‌గావ్ లారీ స్టాండులో మేయరు

2015 నవంబరు 29, ఆదివారం మధ్యాహ్నం. ఢాకాలోని తేజ్‌గావ్‌లో మీరు కారు దిగుతున్నారు.

ఎదురుగా రోడ్డు ఉండాలి. సాత్‌రాస్తా కూడలి నుంచి కార్వాన్ బజార్ రైల్వే గేటు వైపు వెళ్లే దారి ఇదే. కానీ కంటికి రోడ్డు ఆనడం లేదు. అన్నీ లారీలే. పక్కపక్కనే లారీలు, వాటి వెనక లారీలు, వాటికి అడ్డంగా ఇంకొన్ని. రెండు బంపర్ల మధ్య మనిషి పక్కకు తిరిగితే తప్ప పట్టనంత సందు. అందులో కాలు పెడితే చెప్పుకు నల్లగా జిగురు అంటుకుంటుంది. ఏళ్ల తరబడి కారిన ఇంజిన్ ఆయిలు అది. ఒక లారీ కింద నుంచి రెండు కాళ్లు బయటికి చాచి ఉన్నాయి, మెకానిక్ పని చేసుకుంటున్నాడు. డీజిలు వాసన, దాని వెంటే కుళ్లిన క్యాబేజీ వాసన. నగరానికి కూరగాయలు పంచే టోకు మార్కెట్టు ఈ పక్కనే ఉంది. రాత్రంతా సరుకు దించిన బళ్లు పగలు ఇక్కడ ఆగుతాయి. డ్రైవరు క్యాబిన్లోనే నడుం వాలుస్తాడు. క్లీనరు ఖాళీ తొట్టిలో పరదా పరుచుకుని పడుకుంటాడు.

మీరు ఢాకా ఉత్తర నగరానికి మేయరు. పేరు అనిసుల్ హక్. వయసు 63. గెలిచి ఏడు నెలలైంది. ఈ కాసేపూ ఆయన చోట మీరు నిలబడండి.

లారీల యజమానులతో, యూనియన్ నాయకులతో ముందే మాట్లాడారు. గడువు ఇచ్చారు. గడువు దాటింది. ఇవాళ కూల్చివేత యంత్రాలు వచ్చాయి. మేజిస్ట్రేటు ఉన్నారు, పోలీసులున్నారు. నిజానికి మేయరు ఇక్కడికి రానక్కర్లేదు. ఆఫీసులో కూర్చుని గంటకోసారి ఫోను చేసి కనుక్కుంటే సరిపోతుంది. ఈ నగరంలో చాలా ఏళ్లుగా అలాగే జరుగుతోంది. యంత్రాలు వస్తాయి, నాలుగు గుడిసెలు తీస్తాయి, ఫొటోలు పడతాయి, వారం తిరిగేసరికి మళ్లీ బళ్లు వచ్చి చేరతాయి.

వెళ్తారా, ఫోను చేస్తారా?

ఆయన వెళ్లారు. కాబట్టి మీరూ నడవండి.

మొదట అంతా సవ్యంగానే ఉంది. రోడ్డు పక్కన కట్టుకున్న షెడ్లు కూలుతున్నాయి. రేకులు నేలకు తగిలి మోగుతున్నాయి. కొందరు డ్రైవర్లు తమంతట తామే బండి తీస్తున్నారు. ఇంకొందరు చేతులు కట్టుకుని చూస్తున్నారు. వాళ్ల ముఖాలు చూడండి. వాళ్లకు ఈ స్టాండు తప్ప వేరే చోటు ఎవరూ చూపించలేదు. ఇంత పెద్ద నగరం లారీ లేకుండా ఒక్కపూట అన్నం తినలేదు. అయినా ఆ లారీ ఎక్కడ ఆగాలో ఎవరూ తేల్చలేదు. వాళ్ల కోపంలో అబద్ధం లేదు.

అంతలో ఎవరో ఏదో అన్నారు. మాట ఒక గుంపు నుంచి ఇంకో గుంపుకు పాకుతోంది. డ్రైవరొకడు చనిపోయాడట. ఎక్కడ? ఎవరు చూశారు? తెలియదు. అది వదంతి. కానీ వదంతి అని తేలేలోపు గుంపు పెరిగింది.

మొదటి ఇటుక ముక్క మీ ఎడమవైపు పడింది.

రెండోది అద్దానికి తగిలింది.

అరుపులు. పరుగులు. ఎవరో మీ భుజం పట్టుకుని లాగుతున్నారు. కారు దూరంగా ఉంది. దారి మూసుకుపోయింది. దగ్గర్లో ఒకే ఒక్క తలుపు తెరిచి ఉంది. లారీ డ్రైవర్ల యూనియన్ ఆఫీసు. వాళ్ల ఆఫీసే. వెళ్తారా?

వేరే దారి లేదు. లోపలికి.

తలుపు మూశారు. బయట ఇటుకలు గోడకు తగులుతున్నాయి. ఒకటి. ఆగి, మూడు. తర్వాత లెక్క అందదు.

ఇక్కడ మీరు దాదాపు మూడు గంటలు చిక్కుకుని ఉంటారు.

గదిలో మీతో పాటు అధికారులున్నారు, యూనియన్ మనుషులున్నారు. ఫోన్లు మోగుతున్నాయి. మీ తమ్ముడు జనరల్ అబూ బెలాల్ మహమ్మద్ షఫియుల్ హక్ ఈ దేశ సైన్యాధిపతి. జూన్‌లోనే ఆ పదవి చేపట్టారు. గదిలో అందరికీ ఆ సంగతి తెలుసు. బయట ఇటుక పట్టుకున్నవాడికీ తెలుసు. తెలిసీ విసురుతున్నాడంటే, వాడికి పోయేదేమీ మిగల్లేదని వాడు అనుకుంటున్నట్టే. ఇంతకీ ఇంత పలుకుబడి ఉన్న మనిషి ఈ గదిలోకి ఎలా వచ్చి పడ్డారు?

ముందు జనం ఈయన్ని చూసింది తెరమీద. నోవాఖాలీ ప్రాంతం మనిషి, చిట్టగాంగ్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చదివారు. 1980ల్లో దేశమంతటికీ ఉన్నది ఒక్కటే టీవీ, ప్రభుత్వ బీటీవీ. పండగ రాత్రి ఇల్లిల్లూ దాని ముందే కూర్చునేది. ఆ తెరమీద నవ్వుతూ మాట్లాడే వ్యాఖ్యాత మీరే. 1991 ఎన్నికలకు ముందు షేక్ హసీనాను, ఖలీదా జియాను ప్రశ్నలడిగిందీ మీరే. ఒకరి ముఖం ఒకరు చూడటానికి ఇష్టపడని ఇద్దరు నాయకురాళ్ల ముందు, నోరు జారకుండా, వెనక్కి తగ్గకుండా కూర్చోవడం ఎలాగో అక్కడే ఒంటబట్టింది.

పగటి పని వేరు. 1986లో మహమ్మదీ గ్రూపు మొదలుపెట్టారు. కుట్టుమిషన్లు వరసగా వేసిన హాల్లోకి ఒక్కసారి రండి. మిషన్ల మోత కాళ్ల కింద నేలలో తెలుస్తుంది. ఒక అమ్మాయి కాలరు మాత్రమే కుడుతుంది, పక్కమ్మాయి చెయ్యి అతుకుతుంది, ఆ పక్కమ్మాయి గుండీ. మీ చేతిలో విదేశీ కొనుగోలుదారు పంపిన ఎల్‌సీ ఉంది, సరుకు పంపితే డబ్బిస్తామని అతని బ్యాంకు రాసిచ్చే పత్రం. బ్యాంకు దాన్ని హామీగా పెట్టుకుని గుడ్డ దిగుమతికి ఇంకో ఎల్‌సీ తెరుస్తుంది. జేబులో పెద్దగా డబ్బు లేకపోయినా గుడ్డ వస్తుంది. చొక్కాలు ఓడెక్కాక డబ్బు వస్తుంది, అందులోంచి గుడ్డ బాకీ తీరుతుంది. బంగ్లాదేశ్‌లో ఎందరో మామూలు మనుషులు ఫ్యాక్టరీ యజమానులైంది ఈ పద్ధతి వల్లే. కానీ ఓడ తప్పిందా, విమానంలో పంపాలి. ఆ ఖర్చు మీదే. లాభం మొత్తం గాలిలోనే పోతుంది.

ఓడ ఎక్కడుంది? చిట్టగాంగ్‌లో, దాదాపు 250 కిలోమీటర్ల దూరాన. అక్కడికి ఆ పెట్టెలు ఎలా చేరతాయి? లారీలో. కవర్డ్ వ్యాన్‌లో. హర్తాళ్ రోజుల్లో హైవే మీద రాళ్లు పడుతున్నా, తెల్లారేలోపు రేవు చేరాలని బండి తోలిన డ్రైవరు మీదే ఈ పరిశ్రమంతా నిలబడింది. ఇప్పుడు తలుపు బయట అరుస్తున్నవాళ్లు ఆ డ్రైవర్లే.

నన్ను ఈ కథలో పట్టి నిలిపేది ఈ చోటే. యజమానిగా ఉన్నంతకాలం వాళ్లు మీకు సమయానికి రావాల్సిన బండి మాత్రమే. బండి ఎక్కడ నిద్రపోతుందో మీరు అడగలేదు. మేయరయ్యాక అడగాల్సి వచ్చింది.

కార్మికుల కోపం మీకు కొత్త కూడా కాదు. 2005-06లో మీరు గార్మెంట్ యజమానుల సంఘం బీజీఎంఈఏకు అధ్యక్షులు. 2005 ఏప్రిల్లో సావర్‌లో స్పెక్ట్రమ్ స్వెటర్ ఫ్యాక్టరీ భవనం కూలి 64 మంది చనిపోయారు. 2006 మేలో గాజీపూర్, సావర్ ప్రాంతాల్లో కార్మికులు వేలల్లో రోడ్డెక్కారు, ఫ్యాక్టరీలు తగలబడ్డాయి. అప్పటికి కనీస వేతనం నెలకు 930 టాకాలు. 1994 నుంచి అదే. పన్నెండేళ్లలో బియ్యం ధర పెరిగింది, అద్దె పెరిగింది, జీతం మాత్రం పెరగలేదు. 2006 అక్టోబరులో దాన్ని 1,662 టాకాల 50 పైసలు చేశారు. అది చాలదని కార్మికులన్నారు, వాళ్లన్నది నిజం. ఆ బేరంలో మీరు కూర్చున్నది యజమానుల వైపు. ఈ మాట దాచి ఈ కథ చెప్పకూడదు.

తర్వాత వాణిజ్య సంఘాల సమాఖ్య ఎఫ్‌బీసీసీఐ అధ్యక్ష పదవి, ఆ తర్వాత సార్క్ చాంబర్. పార్టీ రాజకీయాల్లో ఎప్పుడూ లేరు. 2015లో హసీనా పార్టీ అవామీ లీగ్ మిమ్మల్ని ఢాకా ఉత్తరానికి నిలబెట్టింది. మీ గుర్తు బల్లమీద పెట్టుకునే గడియారం. ఎదుట ఖలీదా జియా పార్టీ బీఎన్‌పీ మద్దతున్న తబిత్ అవాల్, ఆయనదీ వ్యాపార కుటుంబమే. ఆయన గుర్తు బస్సు. ఏప్రిల్ 28న పోలింగు. మధ్యాహ్నం వేళకు రిగ్గింగు జరుగుతోందంటూ బీఎన్‌పీ ఎన్నికల నుంచి తప్పుకుంది. లెక్క తేలేసరికి మీకు 4,60,117 ఓట్లు, పోటీ మధ్యలో ఆపేసిన మనిషికి 3,25,080. గెలిచారు. కానీ ఆ గెలుపు మీద ఒక మచ్చ ఉంది. దాన్ని మాటలతో చెరపలేరు. పనితోనే చెరపాలి. అందుకే కావచ్చు, ఫోను చేసి ఊరుకోకుండా ఇక్కడిదాకా నడిచి వచ్చారు.

బయట పెద్ద చప్పుడు. టియర్‌గ్యాస్.

కిటికీ సందులోంచి పొగ వస్తోంది. కళ్లు మండుతున్నాయి. గొంతు పట్టేస్తోంది. రుమాలు తడిపి ముక్కుకు అడ్డం పెట్టుకోండి. రబ్బరు బుల్లెట్లు పేలుతున్నాయి. ఎవరికి తగులుతున్నాయో ఇక్కణ్నించి కనిపించదు. మీరు పిలిపించిన పోలీసులు. మీరు ఓట్లడిగిన జనం.

ఇప్పుడు నిర్ణయం మీది. స్టాండు ఉండనిస్తామని ఒక్క మాట అనండి. తలుపు తెరుచుకుంటుంది. అరగంటలో ఇంట్లో ఉంటారు. ఎవరూ తప్పుపట్టరు.

అంటారా?

ఆయన అనలేదు. సాయంత్రానికి పోలీసుల రక్షణలో బయటికి వచ్చారు. రోడ్డంతా ఇటుక ముక్కలు, పగిలిన అద్దాలు. కారెక్కి తిన్నగా వెళ్లిపోలేదు. విలేకరుల ముందు నిలబడి, తొలగింపు ఆగదని చెప్పారు.

ఆగలేదు. లారీలు కదిలాయి. రోడ్డు తేలింది. సాత్‌రాస్తా నుంచి రైల్వే గేటు దాకా బండి ఆగకుండా వెళ్లొచ్చని చాలామంది ఢాకావాసులకు అప్పుడే తెలిసింది.

మర్నాడు మేయరు కుర్చీలో కూర్చుని చూడండి. బల్ల పెద్దదే. దానిమీదికి వచ్చే అధికారం కొంచెం. నీళ్లు ఢాకా వాసా చేతిలో. ఇల్లు కట్టుకునే అనుమతి రాజుక్ చేతిలో. కరెంటు ఇంకో సంస్థది. సిగ్నలు దగ్గర చెయ్యెత్తే పోలీసు హోం మంత్రిత్వశాఖ మనిషి. బస్సు పర్మిట్లు రవాణా కమిటీవి. మీకు మిగిలింది చెత్త, వీధి దీపాలు, దోమలు, కాలిబాటలు. రోడ్డు మీది, దానిమీద తిరిగేది ఏదీ మీది కాదు. ఫ్యాక్టరీలో ఒక మాట చెబితే సాయంత్రానికి లైను మారేది. ఇక్కడ ఒక్కో పనికీ ఒక్కో సంస్థ గుమ్మం ఎక్కాలి.

ఎక్కారు. ఆకాశం కనిపించకుండా నిలబెట్టిన హోర్డింగులు దింపించారు. 2016 జులై 1 రాత్రి గుల్షన్‌లో హోలీ ఆర్టిజన్ బేకరీ మీద ఉగ్రవాదుల దాడి జరిగాక, భద్రత పేరిట ఆ ప్రాంతంలో బస్సులు ఆపేశారు. ఆఫీసులకు, ఇళ్లల్లో పనులకు వచ్చేవాళ్లు నడిచి వెళ్లాల్సి వచ్చింది. ఆగస్టులో అక్కడ ఢాకా చాకా అనే ఏసీ బస్సులు, రేటు ముందే కట్టిన ప్రత్యేక రిక్షాలు వచ్చాయి. ఇవన్నీ చేతికి అందిన పనులు. ఆయన మనసు పెట్టింది వీటన్నిటికన్నా కష్టమైన పని మీద.

అదేమిటో తెలియాలంటే ఢాకాలో ఒక బస్సు ఎక్కండి.

ఎక్కండంటే ఆగదు. నెమ్మదిస్తుంది, అంతే. కండక్టరు మీ జబ్బ పట్టి లోపలికి లాగుతాడు. బస్సు పక్కలు చూశారా, రంగు లేచిపోయి రేకు సొట్టలు పడి ఉంది. వేరే బస్సుల రాపిడి అది. డ్రైవరుకు నెల జీతం లేదు. పొద్దున్నే యజమానికి ఇంత కడతానని ఒప్పుకుని బండి తీసుకుంటాడు. అది పోగా మిగిలిందే అతనిది. అంటే స్టాపులో నిలబడ్డ ప్రతి మనిషీ అతనికి కూలి. వెనక అదే రూటు బస్సు వస్తోంది. వాడికంటే ముందు చేరాలి. వేగం పెంచాడు. పక్కకు కోశాడు. బ్రేకు. మీ నుదురు ముందు సీటు కమ్మీకి తగిలింది. డ్రైవరును తిడతారు. అందరూ తిడతారు. అతని స్థానంలో సాధువును కూర్చోబెట్టినా ఆ లెక్కకు అలాగే తోలతాడు.

అనిసుల్ హక్ మార్చాలనుకున్నది ఆ లెక్కను. విడివిడిగా ఉన్న వందల మంది యజమానులను కొద్ది కంపెనీల కిందికి తేవాలి. నాలుగు వేల కొత్త బస్సులు దించాలి. వచ్చిన డబ్బు ఒకచోట పడాలి, బస్సును బట్టి వాటా పంచుకోవాలి, డ్రైవరుకు జీతం ఇవ్వాలి. అప్పుడు వెనక బస్సు శత్రువు కాదు. చెప్పడం సులువు. యజమానులను ఒక బల్ల ముందు కూర్చోబెట్టడమే గొప్ప పని. ఇక్కడ ఆయన పాత జీవితం అక్కరకొచ్చింది. నష్టం ఎవరికి, అప్పు ఎవరు తీరుస్తారు, పాత బండికి ఎంత కట్టిస్తారు అని వాళ్లడిగే ప్రశ్నలు ఆయనకు తెలిసిన ప్రశ్నలే. తానూ యజమానే కదా. సమావేశం మీద సమావేశం. కాగితాలు కదులుతున్నాయి.

2017 వర్షాకాలం. ఢాకా మంచం పట్టింది. చికున్‌గున్యా. జ్వరం తగ్గినా మణికట్టు తిరగదు, గ్లాసు ఎత్తలేరు, మెట్టు దిగితే మోకాలు అరుస్తుంది. దోమలు మీ శాఖ. విలేకరులు నిలదీస్తున్నారు. ఇంటింటికీ వెళ్లి దోమతెరలు కట్టలేం కదా అన్న అర్థంలో ఒక మాట జారింది. తెరమీద ఏళ్ల తరబడి జారని నోరు అప్పుడు జారింది. మంచాల మీద పడి ఉన్న జనానికి అది చురుక్కున తగిలింది. తగలాల్సిందే. ఆయన విచారం చెప్పుకున్నారు.

ఆ వర్షాకాలంలోనే, జులై 29న, కుటుంబంతో గడపడానికి లండన్ విమానం ఎక్కారు. అక్కడ జబ్బుపడ్డారు. మెదడు రక్తనాళాల వాపు అని ఆగస్టులో తేలింది. నవంబరు 30న చనిపోయారు. తేజ్‌గావ్‌లో ఇటుకలు పడ్డ రోజుకు రెండేళ్లు నిండిన మర్నాడు.

ఇక మీరు ఆయన చోటు వదిలి జనంలోకి రండి. డిసెంబరు 2. ఆర్మీ స్టేడియంలో వరసల్లో నిలబడ్డారు. భుజానికి భుజం ఆనుతోంది. మంత్రులు ముందు వరసలో ఉన్నారు. మీ పక్కనున్నది ఎవరో మీకు తెలియదు. నమాజు అయ్యాక ఆయన్ని బనానీ శ్మశానవాటికకు తీసుకెళ్లారు, అక్కడే ఆయన చిన్నకొడుకు సమాధి కూడా ఉంది. తేజ్‌గావ్ రోడ్డుకు ఆయన పేరు పెట్టారు. పేరు నిలిచింది గానీ, కొన్నాళ్లకే లారీలు మెల్లగా తిరిగొచ్చి ఆ పేరున్న బోర్డు పక్కనే ఆగడం మొదలుపెట్టాయి. వాటికి వేరే చోటు అప్పటికీ లేదు మరి.

కుర్చీ ఖాళీగా ఉంది. ఉప ఎన్నిక మీద హైకోర్టు స్టే ఇచ్చింది. నెలలు గడుస్తున్నాయి. బస్సు యజమానులను పిలిచే మనిషి లేడు.

2018 జులై 29. ఆయన విమానం ఎక్కి సరిగ్గా ఏడాది. విమానాశ్రయం రోడ్డులో కుర్మీటోలా దగ్గర కాలేజీ పిల్లలు బస్సు కోసం నిలబడి ఉన్నారు. రెండు బస్సులు వస్తున్నాయి. ఒకే కంపెనీవి. ముందెవరు? పోటీ. ఒకటి పిల్లల మీదికి ఎక్కింది. ఇద్దరు చనిపోయారు.

మర్నాటి నుంచి యూనిఫాంలు వేసుకున్న పిల్లలు ఢాకా రోడ్లమీదికి వచ్చారు. వానలో నిలబడి బళ్లు ఆపి లైసెన్సులు అడిగారు. అంబులెన్సుకు వేరే వరస వదిలించారు. ఆ పిల్లల మీద దాడులు జరిగాయి, టియర్‌గ్యాస్ పడింది.

2019 ఫిబ్రవరి 28న కొత్త మేయరును ఎన్నుకున్నారు. అతీకుల్ ఇస్లాం. ఆయనా గార్మెంట్ పారిశ్రామికవేత్తే, బీజీఎంఈఏ మాజీ అధ్యక్షుడే. బస్సులను ఒక్క గొడుగు కిందికి తెచ్చే ఆలోచనలోంచి 2021 డిసెంబరు 26న ఢాకా నగర్ పరిబహన్ మొదలైంది, ఘాటార్‌చర్ నుంచి కాంచ్‌పూర్ దాకా. ఒక్క రూటు. కౌంటర్లో టికెట్టు కొని, స్టాపులో ఆగిన బస్సు ఎక్కే వీలు కలిగింది. అయితే అదే దారిలో పాత బస్సులు కూడా పక్కనుంచి రాసుకుంటూ తిరుగుతూనే ఉండేవి, వాటి డ్రైవర్లు పొద్దున్నే యజమానికి ఇంతని ఒప్పుకుని వచ్చినవాళ్లే.

ఆ యజమానుల పేర్లున్న జాబితా రేపు మీ బల్లమీదికి వస్తే, మొదట ఎవరికి ఫోను చేస్తారు?